పసిబిడ్డ ఉన్న ఇంట్లో ప్రథమ చికిత్స పెట్టె: ఏం ఉంచాలి, ఎంత ఉంచాలి, ఏవి ఉంచకూడదు

ఏడాది లోపు బిడ్డ ఉన్న ఇంట్లో మందులకు కొదవ ఉండదు. ఫ్రిజ్ తలుపులో నాలుగు సీసాలు, బీరువాలో రెండు, ఆసుపత్రికి వెళ్ళే బ్యాగులో ఒకటి. అర్ధరాత్రి బిడ్డ ఒళ్ళు కాలిపోతుంటే మాత్రం వాటిలో ఏది, ఎన్ని మి.లీ. ఇవ్వాలో చప్పున చెప్పేవాళ్ళు ఉండరు. అమ్మ నిద్రమత్తులో ఉంటుంది, నాన్న ఫోన్‌లో వెతుకుతుంటాడు, అమ్మమ్మ పోయినసారి ఇచ్చింది ఈ సీసాయే కదా అంటుంది. పొరపాట్లు జరిగేది అప్పుడే. అందుకే ఇక్కడ ఏం కొనాలన్న దానికంటే ఎలా కొలవాలి, ఏవి దగ్గర ఉంచుకోకూడదు అన్నవాటి గురించే ఎక్కువ చెబుతున్నాం.

ఈ పెట్టెతో రెండు పనులు జరగాలి. చిన్నపాటి జ్వరం, ముక్కుదిబ్బడ, ఒరుపు లాంటివి ఇంట్లోనే చూసుకోగలగాలి. పెద్ద ఆపద వస్తే ఆసుపత్రికి చేరేలోగా బిడ్డకు హాని పెరగకుండా ఆపగలగాలి. ఈ రెండింటికీ పనికిరాని వస్తువు ఎంత ఖరీదైనదైనా పెట్టెలోకి రానివ్వకండి.

మొదటి అడుగు: పెట్టె, దాని చోటు

మూత గట్టిగా పట్టే, లోపలున్నవి బయటికి కనిపించే ప్లాస్టిక్ పెట్టె చాలు. చెప్పుల డబ్బా అంత ఉంటే సరిపోతుంది. లోపల రెండు జిప్ కవర్లు పెట్టండి: ఒకదానిలో నోట్లోకి వెళ్ళేవి, రెండోదానిలో ఒంటి మీద వాడేవి. చిన్న చుక్కల మందు సీసాలన్నీ చూడడానికి ఒకేలా ఉంటాయి. చెవిలో వేయాల్సింది నోట్లో, ముక్కులో వేయాల్సింది కంట్లో పడేది ఇవన్నీ ఒకే గుట్టలో ఉన్నప్పుడే.

రోజూ వేసే విటమిన్ డి చుక్కలు ఈ పెట్టెలో వద్దు. వాటి గాఢత కంపెనీని బట్టి మారుతుంది, కొలిచే డ్రాపర్ కూడా మారుతుంది. ఒక సీసా డ్రాపర్ ఇంకో సీసాలోకి వెళ్ళిందంటే రెండు మందుల కొలతా తప్పుతుంది.

చోటు విషయానికొస్తే, పెద్దవాళ్ళ భుజం ఎత్తున, తలుపు ఉన్న అరలో ఉంచండి. వంటగదిలో పొయ్యి దగ్గర, ఫ్రిజ్ మీద, కారులో వద్దు. అటక మీద అసలే వద్దు. స్లాబు వేడి నేరుగా తగిలేది అక్కడే. చాలా సిరప్‌ల మీద 25 లేదా 30 డిగ్రీల సెల్సియస్ లోపు ఉంచమని రాసి ఉంటుంది. రామగుండంలోనో విజయవాడలోనో మే నెల మధ్యాహ్నం అటక మీద ఎంత వేడి ఉంటుందో చెప్పక్కర్లేదు. ఇంట్లో అన్నిటికంటే లోపలి గది, ఎండ పడని గోడ చూసుకోండి. లేబుల్ మీద రాసి ఉంటే తప్ప ఫ్రిజ్‌లో పెట్టకండి.

ఇదే సమయంలో ఇంకో పని చేయండి. తాతయ్య, నానమ్మల బీపీ మాత్రలు, షుగర్ మాత్రలు దిండు పక్కనో కిటికీలోనో ఉంటే ఎత్తులోకి మార్చండి. పాకే బిడ్డకు షుగర్ మాత్ర ఒక్కటి నోట్లో పడినా ప్రాణం మీదికి రావచ్చు. బిడ్డ కోసం కొన్న మందులకంటే పెద్దవాళ్ళ మందులే ఆ ఇంట్లో ఎక్కువ ప్రమాదం.

రెండో అడుగు: మూత లోపల అతికించే కార్డు

తెల్ల అట్ట ముక్క మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి, మూత లోపలివైపు టేపుతో అతికించండి. ఇంట్లో పనికి వచ్చే అమ్మాయి కూడా చదవగలగాలి. అందులో ఉండాల్సినవి:

బిడ్డ పేరు, పుట్టిన తేదీ, ఈ నెల బరువు, బరువు చూసిన తేదీ.
జ్వరం మందు పేరు, సీసా మీది గాఢత, ఒక్కసారికి ఎన్ని మి.లీ.
పడని మందు ఏదైనా ఉంటే దాని పేరు.
పిల్లల డాక్టరు నంబరు, రాత్రి పూట తెరిచి ఉండే దగ్గరి ఆసుపత్రి నంబరు.
108 అంబులెన్స్, 112 అత్యవసర నంబరు.
విషం విషయంలో సలహాకు ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం: 1800 116 117.
మీ ఇంటి చిరునామా, గుర్తుగా చెప్పడానికి గుడో బడో నీళ్ళ ట్యాంకో.

చివరిది అనవసరం అనిపించవచ్చు. 108కి ఫోన్ చేసి కంగారులో ఇంటి నంబరు మరిచిపోయేవాళ్ళు చాలామంది ఉంటారు.

బరువు పెన్సిల్‌తో రాయండి. పుట్టినప్పుడు మూడు కిలోలున్న బిడ్డ సుమారు అయిదో నెలకు ఆరు కిలోలకు, ఏడాదికి తొమ్మిది కిలోల దగ్గరికి వస్తుంది. మూడో నెలలో రాసుకున్న డోసు ఎనిమిదో నెలలో పనిచేయదు. అంగన్‌వాడీలో తూకం వేసిన ప్రతిసారీ, టీకాకు వెళ్ళిన ప్రతిసారీ కార్డు దిద్దండి.

మూడో అడుగు: థర్మామీటరు

చంకలో పెట్టే మామూలు డిజిటల్ థర్మామీటరు ఒకటి కొనండి. పాదరసం గాజు థర్మామీటరు ఇంట్లో ఉంటే పక్కన పెట్టేయండి, పగిలితే ఆ పాదరసం ఎత్తడం కష్టం. నుదుటికి చూపించే గన్ రకం సరదాగా ఉంటుంది కానీ ఫ్యాను గాలి, చెమట, ఎంత దూరం నుంచి చూపామన్నవాటిని బట్టి అంకె మారిపోతుంది. పసిబిడ్డ విషయంలో దాని మీద ఆధారపడకండి.

చంక పొడిగా తుడవండి. మొన చంక మధ్యలో చర్మానికి తగిలేలా పెట్టి, చేతిని ఒంటికి ఆనించి బీప్ వచ్చేదాకా పట్టుకోండి. మధ్యలో జారితే అంకె తక్కువ చూపిస్తుంది, మళ్ళీ మొదలుపెట్టాల్సిందే. స్నానం చేయించిన వెంటనే, దుప్పటి చుట్టి పడుకోబెట్టి తీసిన వెంటనే చూడకండి. ఓ పావుగంట ఆగండి.

చంకలో 99.5 ఫారెన్‌హీట్, అంటే 37.5 సెల్సియస్, అంతకంటే ఎక్కువ ఉంటే జ్వరం కిందే లెక్క. బిడ్డకు మూడు నెలలు నిండకపోతే ఇంట్లో మందు వేసి చూద్దాం అనుకోకండి, నేరుగా ఆసుపత్రికి వెళ్ళండి. ఆ వయసులో జ్వరమొక్కటే పెద్ద ఇన్ఫెక్షన్‌కు గుర్తు కావచ్చు. ఒళ్ళు చల్లబడి 95.9 కంటే కిందికి పోయినా అంతే తొందరపడాలి, జ్వరం లేదు కదా అని ఊరుకోకూడదు. ఆరు, పది, పద్నాలుగు వారాల టీకాల తర్వాత వచ్చే జ్వరం సంగతి వేరు. దానికి ఏం ఇవ్వాలో, ఎంత ఇవ్వాలో టీకా వేసిన రోజే డాక్టరునో ఏఎన్ఎంనో అడిగి కార్డు మీద రాయించుకోండి.

థర్మామీటరులోని గుండీ బ్యాటరీ మూత వదులైతే టేపు వేయండి. ఆ బ్యాటరీ మింగితే జరిగేది ముందు ముందు చెబుతాం.

నాలుగో అడుగు: జ్వరం మందు, దాన్ని కొలిచే సిరంజి

జ్వరానికి ఇంట్లో ఉండాల్సింది పారాసిటమాల్ ఒక్కటే. అదీ ఒకే గాఢత ఉన్న సీసా ఒక్కటే.

ఎందుకంటే మన మెడికల్ షాపుల్లో పిల్లల పారాసిటమాల్ కనీసం మూడు రకాలుగా దొరుకుతుంది. డ్రాప్స్‌లో ఒక మి.లీ.కి 100 మి.గ్రా. ఉంటుంది. మామూలు సిరప్‌లో 5 మి.లీ.కి 120 లేదా 125 మి.గ్రా. ఉంటుంది. పెద్ద పిల్లల సిరప్‌లో 5 మి.లీ.కి 240 లేదా 250. పెట్టె మీద పేరు ఒకటే, రంగు దాదాపు ఒకటే.

ఆరు కిలోల బిడ్డను తీసుకోండి. కిలోకు 15 మి.గ్రా. చొప్పున ఒక్కసారికి 90 మి.గ్రా. కావాలి. డ్రాప్స్‌లో అది 0.9 మి.లీ. 120 సిరప్‌లో 3.7 మి.లీ. 250 సిరప్‌లో 1.8 మి.లీ. సిరప్ కొలత గుర్తుంచుకున్న వాళ్ళు షాపులో డ్రాప్స్ ఇస్తే అదే 3.7 మి.లీ. పోశారనుకుందాం. బిడ్డ కడుపులోకి 370 మి.గ్రా. వెళ్ళింది. ఆ బిడ్డకు 24 గంటలు మొత్తానికీ ఇవ్వదగ్గ హద్దు 360. ఇలాంటి పొరపాట్లు రెండుమూడు సార్లు జరిగితే కాలేయం దెబ్బతినవచ్చు. తిరగేస్తే, డ్రాప్స్ కొలత గుర్తుంచుకుని 0.9 మి.లీ. సిరప్ పోస్తే 22 మి.గ్రా. కూడా వెళ్ళదు. జ్వరం దిగదు. ఈ మందు పనిచేయడం లేదని ఇంట్లోవాళ్ళు ఇంకో మందు వెతుకుతారు.

డ్రాప్స్ (మి.లీ.కి 100 మి.గ్రా.), 120 సిరప్ (5 మి.లీ.కి) కొలతలు బరువును బట్టి ఇలా ఉంటాయి:

5 కిలోలు: డ్రాప్స్ 0.7 మి.లీ., సిరప్ 3 మి.లీ.
6 కిలోలు: డ్రాప్స్ 0.9 మి.లీ., సిరప్ 3.7 మి.లీ.
7 కిలోలు: డ్రాప్స్ 1 మి.లీ., సిరప్ 4.3 మి.లీ.
8 కిలోలు: డ్రాప్స్ 1.2 మి.లీ., సిరప్ 5 మి.లీ.
9 కిలోలు: డ్రాప్స్ 1.3 మి.లీ., సిరప్ 5.5 మి.లీ.
10 కిలోలు: డ్రాప్స్ 1.5 మి.లీ., సిరప్ 6.2 మి.లీ.

రెండు డోసుల మధ్య కనీసం ఆరు గంటలు. 24 గంటల్లో నాలుగు సార్లకు మించకూడదు. ఇచ్చిన టైము, ఇచ్చినవాళ్ళ పేరు కార్డు కింద కాగితం మీద రాయాలి. అమ్మ పదకొండింటికి ఇచ్చిందని తెలియక నాన్న ఒంటిగంటకు మళ్ళీ ఇవ్వడం మామూలుగా జరిగేదే. మీ డాక్టరు చీటీ మీద వేరే కొలత రాసి ఉంటే దాన్నే పాటించండి, ఎందుకు తేడా అని అడగడానికి మొహమాటపడకండి.

టీ చెంచాతో కొలవకండి. ఒక్కో ఇంటి చెంచాలో ఒక్కో కొలత పడుతుంది. సూది లేని నోటి సిరంజిలు 1 మి.లీ.వి రెండు, 5 మి.లీ.వి రెండు తెచ్చుకోండి. ఇన్సులిన్ సిరంజి మాత్రం వద్దు, దాని మీది గీతలు యూనిట్లు, మి.లీ.లు కావు. కొనగానే మొన మీది చిన్న మూత తీసి పారేయండి. మందు పోస్తుండగా అది ఊడి గొంతులో పడే ప్రమాదం ఉంది.

మందు సీసాను బాగా కుదపాలి. పారాసిటమాల్ అడుగున పేరుకుంటుంది, కుదపకపోతే మొదటి డోసు పలుచగా, ఆఖరి డోసు చిక్కగా పడుతుంది. సిరంజిలోకి లాగాక మొన పైకి పెట్టి తట్టి గాలి బుడగ బయటికి నెట్టండి. నల్ల రబ్బరు పై అంచు ఏ గీత దగ్గర ఉందో అదే కొలత. బిడ్డను కాస్త నిలువుగా ఒళ్ళో కూర్చోబెట్టుకుని, బుగ్గకూ చిగురుకూ మధ్య సిరంజి పెట్టి కొద్దికొద్దిగా వదలండి. ముక్కు మూసి, పడుకోబెట్టి, ఉగ్గుగిన్నెతో ఒకేసారి గొంతులో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పావుగంటలోపే మందంతా కక్కేస్తే ఒక్కసారి మళ్ళీ ఇవ్వచ్చు. అంతకంటే ఆలస్యంగా కక్కితే, ఎంత కక్కిందో తెలియకపోతే, తర్వాతి డోసుదాకా ఆగండి.

ఐబుప్రొఫెన్, మెఫెనమిక్ ఆమ్లం ఉన్న సిరప్‌లు, ఈ రెండింటిలో ఒకటి పారాసిటమాల్‌తో కలిపి ఉన్నవి డాక్టరు రాయకుండా ఇంట్లో ఉంచకండి. ఆరు నెలల లోపు బిడ్డకు ఐబుప్రొఫెన్ ఇవ్వకూడదు. పైగా వానాకాలంలో మన దగ్గర వచ్చే జ్వరం డెంగీ కాదని ఇంట్లో ఎవరూ చెప్పలేరు. డెంగీలో ఈ మందులు రక్తస్రావం ముప్పు పెంచుతాయి. ఆస్పిరిన్ అయితే పిల్లలకు ఎప్పుడూ వద్దు.

ఒళ్ళు తుడవాలంటే గది వేడిలో ఉన్న నీళ్ళు చాలు. మంచు నీళ్ళు వద్దు, చలి పుట్టి ఒళ్ళు ఇంకా వేడెక్కుతుంది. స్పిరిట్ చర్మంలోంచి లోపలికి పోతుంది.

అయిదో అడుగు: విరేచనాలకు ఓఆర్ఎస్, జింకు

పెట్టెలో ఓఆర్ఎస్ పొట్లాలు అయిదు, జింకు 20 మి.గ్రా. కరిగే మాత్రలు 14 ఉంచండి. రెండూ పీహెచ్‌సీలో, ఆశా కార్యకర్త దగ్గర ఉచితంగా దొరుకుతాయి, హైదరాబాద్‌లో బస్తీ దవాఖానాకు వెళ్ళి అడగండి.

పసిబిడ్డకు 200 మి.లీ. చిన్న పొట్లాలే నయం. లీటరు పొట్లం కలిపితే 24 గంటల్లో మిగిలింది పారబోయాల్సిందే. సగం పొట్లం వాడి సగం మడిచి దాచడం తప్పు. ఉప్పు, గ్లూకోజు పొట్లంలో సమంగా కలిసి ఉండవు, ఒక సగంలో ఉప్పు ఎక్కువ పడవచ్చు. నీళ్ళు తగ్గించి చిక్కగా కలపడం ఇంకా ప్రమాదం: రక్తంలో సోడియం పెరిగి ఫిట్స్ రావచ్చు. అందుకే గీతలున్న పాల సీసానో కొలగ్లాసో ఒకటి పెట్టెలోనే ఉంచండి. కాచి చల్లార్చిన నీళ్ళు 200 మి.లీ. కొలిచి, పొట్లం మొత్తం వేసి కలపాలి. చక్కెర, ఉప్పు, పండ్ల రసం ఏదీ చేర్చకండి. కలిపాక కాచకండి.

పొట్లం వెనక చూసి కొనండి. లీటరుకు సోడియం క్లోరైడ్ 2.6 గ్రా., గ్లూకోజు 13.5 గ్రా., పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రా., ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రా., మొత్తం 20.5 గ్రా. ఉంటే అది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం. టెట్రా ప్యాకుల్లో దొరికే తియ్యటి పానీయాలు ఆ పని చేయవు. వాటిలో చక్కెర ఎక్కువ, ఆ చక్కెర పేగులోకి నీళ్ళు లాగి విరేచనాలను పెంచుతుంది. ఆ పానీయాల మీద ఓఆర్ఎస్ అన్న పేరు తీయించడానికి హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో జాతీయ ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. అయినా షాపులో ఓఆర్ఎస్ అడిగితే చేతికి ఏమిస్తున్నారో చూసి తీసుకోండి.

రెండు నెలలు దాటిన బిడ్డకు నీళ్ళ విరేచనం అయిన ప్రతిసారీ 50 నుంచి 100 మి.లీ. చెంచాతో కొద్దికొద్దిగా పట్టాలి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, ఇంకా నెమ్మదిగా మొదలుపెట్టండి. తల్లిపాలు ఆపకండి. జింకు ఆరు నెలల లోపు రోజుకు అర మాత్ర తల్లిపాలలో, ఆరు నెలలు దాటితే ఒక మాత్ర ఓఆర్ఎస్‌లోనో మంచినీళ్ళలోనో కరిగించి ఇవ్వాలి. విరేచనాలు తగ్గినా 14 రోజులూ ఇవ్వాలి. మూడో రోజే ఆపేసేవాళ్ళే ఎక్కువ.

తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డ రోజుకు ఏడెనిమిది సార్లు పసుపుపచ్చగా, పలుచగా వెళ్ళడం జబ్బు కాదు, బరువు పెరుగుతూ హుషారుగా ఉన్నంతవరకు. దానికి మందు వెతకకండి. మాడు లోతుకు పోయినా, కళ్ళు గుంటలు పడినా, ఆరు గంటలుగా మూత్రం రాకపోయినా, నెత్తురు పడినా, బిడ్డ పాలు పట్టలేకపోయినా పొట్లాలతో కాలం గడపకండి. రెండు నెలల లోపు బిడ్డకు విరేచనాలైతే మొదటి రోజే డాక్టరుకు చూపించాలి. లోపెరమైడ్ లాంటి విరేచనాలు ఆపే మందులు పెద్దవాళ్ళవి, పసిబిడ్డ పేగుల కదలిక ఆగిపోతుంది.

ఆరో అడుగు: ముక్కు, ఊపిరి

సెలైన్ ముక్కు చుక్కలు ఒక సీసా, రబ్బరు బల్బు ఒకటి. పాలు పట్టే ముందు ఒక్కో ముక్కులో ఒకటి రెండు చుక్కలు వేసి, రెండు నిమిషాలు ఆగి, బల్బును ముందే నొక్కి పట్టుకుని ముక్కు మొదట్లో పెట్టి వదలండి. రోజుకు మూడు నాలుగు సార్లు మించితే లోపలి పొర వాచి దిబ్బడ పెరుగుతుంది. కొనేటప్పుడు సీసా మీద సోడియం క్లోరైడ్ అనే ఉండాలి. ఆక్సీమెటజోలిన్, జైలోమెటజోలిన్ అని ఉంటే వెనక్కి ఇచ్చేయండి. అవి పసిబిడ్డను మగతలోకి నెట్టి ఊపిరిని మందగించేలా చేయగలవు.

ఊపిరి లెక్కించడానికి సెకన్ల ముల్లున్న గడియారం చాలు. బిడ్డ నెమ్మదిగా ఉన్నప్పుడు పొట్ట ఎగరడం నిండు నిమిషం లెక్కపెట్టండి. రెండు నెలల లోపు 60 అంతకంటే ఎక్కువ, రెండు నుంచి పన్నెండు నెలల మధ్య 50 అంతకంటే ఎక్కువ ఉంటే, డొక్కలు ఎగరేస్తుంటే ఆ రోజే ఆసుపత్రి.

ఏడో అడుగు: చర్మం, గాయాలు, కాలడం

కావలసినవి: విడివిడిగా కవర్లలో ఉన్న స్టెరైల్ గాజ్ గుడ్డ ముక్కలు 10, 5 సెం.మీ. రోలర్ బ్యాండేజీ 2, మైక్రోపోర్ టేపు 1, మొన మొద్దుగా ఉన్న కత్తెర, చిన్న పట్టకారు, టార్చి లైటు, చిన్న సబ్బు, జింక్ ఆక్సైడ్ క్రీము. వీటితోపాటు మెత్తబడిన పాత పంచె ముక్కలు రెండు ఉతికి, ఉడకబెట్టి, ఎండలో ఆరేసి, ఇస్త్రీ చేసి జిప్ కవర్లో మూసి పెట్టండి. కాలిన చోటును కప్పడానికి ఇంతకంటే మంచిది దొరకదు. దూది గాయం మీద పెట్టకండి, పోగులు అంటుకుపోతాయి. వేళ్ళకు బ్యాండ్-ఎయిడ్ కూడా వద్దు. బిడ్డ చప్పరించి ఊడదీసి మింగుతుంది.

చిన్న గీరుకు సబ్బు, నీళ్ళు చాలు. కుక్క గానీ కోతి గానీ కరిచినా, గీరినా సబ్బుతో పారే నీళ్ళ కింద 15 నిమిషాలు కడిగి అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళండి. పసుపు, కారం, సున్నం పెట్టకండి.

కాలినప్పుడు 20 నిమిషాలు కుళాయి నీళ్ళ కింద ఉంచాలి, మిగతా ఒంటికి పొడి గుడ్డ చుట్టి. ఏప్రిల్, మే నెలల్లో ఒక సంగతి గుర్తుంచుకోవాలి: మధ్యాహ్నం మేడ మీది ట్యాంకు నీళ్ళు చెయ్యి పెట్టలేనంత వేడిగా వస్తాయి. ముందు మీ చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే బిందెలో నీళ్ళు చెంబుతో పోస్తూ ఉండండి. ఐసు పెట్టకండి. టూత్‌పేస్టు, సిరా, దోసెల పిండి, నూనె పూయకండి. అవి వేడిని లోపలే పట్టి ఉంచుతాయి, ఆసుపత్రిలో గీకి తీయాల్సి వస్తుంది. అంటుకున్న బట్టను లాగకండి, చుట్టూ కత్తిరించండి. బొబ్బ చిదమకండి. ఏడాది లోపు బిడ్డకు వేడి నీళ్ళో టీయో పడి బొబ్బ వస్తే ఎంత చిన్నదైనా డాక్టరుకు చూపించాలి.

బొడ్డు ఊడేదాకా దాని మీద ఏమీ వేయకండి. పొడిగా, డైపరుకు పైన ఉండేలా చూడడమే దానికి వైద్యం. డెట్టాల్, సావ్లాన్ లాంటివి నేరుగా చర్మం మీద పోస్తే పసిచర్మం కాలుతుంది.

ఎనిమిదో అడుగు: ఏవి ఉంచకూడదు

ఇది పెద్దవాళ్ళతో మాట పట్టింపు వచ్చే చోటు. అయినా పెట్టె తయారుచేసిన రోజే కూర్చుని మాట్లాడుకోవడం మేలు. అర్ధరాత్రి వాదన పెట్టుకోలేం.

దగ్గు, జలుబు సిరప్‌లు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విష రసాయనం కలిసిన దగ్గు మందు తాగి పసిపిల్లలు మూత్రపిండాలు పాడై చనిపోయారు. ఆ తర్వాత కేంద్ర ఆరోగ్య శాఖ రెండేళ్ళ లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయొద్దని, అయిదేళ్ళ లోపు మామూలుగా వద్దని చెప్పింది. కల్తీ లేకపోయినా అవి పసిబిడ్డ జలుబును తగ్గించవు, నిద్రమత్తు మాత్రం తెస్తాయి. ఏ సిరప్ కొన్నా బిల్లు తీసుకుని బ్యాచ్ నంబరు కనిపించేలా ఉంచండి.

తేనె. ఏడాది లోపు నాలుకకు రాయడం కూడా వద్దు. అందులో ఉండగల బాట్యులిజం బీజాలు పసిపేగులో విషం తయారుచేస్తాయి.

కర్పూరం, మెంథాల్ ఉన్న బామ్‌లు. రెండేళ్ళ లోపు వద్దు. నోట్లోకి కొంచెం పోయినా కర్పూరం ఫిట్స్ తెప్పిస్తుంది. జలుబుకు కర్పూరం మూటగట్టి ఉయ్యాలకు కట్టడం కూడా ఆపండి, ఆ మూట బిడ్డ చేతికి అందుతుంది.

కడుపునొప్పి చుక్కల్లో డైసైక్లోమిన్ ఉన్నవి. ఆరు నెలల లోపు ఇస్తే ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. సీసా వెనక ఆ పేరు ఉందేమో చూడండి. పళ్ళు వచ్చేటప్పుడు చిగుళ్ళకు రాసే జెల్‌లలో బెంజోకైన్, లిగ్నోకైన్ ఉన్నవీ అంతే. శుభ్రమైన తడిగుడ్డ చల్లబరిచి కొరకనివ్వడం చాలు.

వస కొమ్ము, జాజికాయ అరగదీసి నాకించడం, ఆముదం పోయడం, ముక్కులో చెవుల్లో నూనె వేయడం. నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే వచ్చే నిమోనియా మామూలు మందులకు లొంగదు. కాటుక కళ్ళలో పెట్టకండి, కొన్నింటిలో సీసం ఉంటుంది.

కలరా ఉండలు. మందు కాకపోయినా ఇక్కడ చెప్పాలి. పుట్టిన బిడ్డ కోసం దాచిన పాత బొంతలు, ఉయ్యాల చీర ఇనప్పెట్టెలోంచి తీసి నేరుగా వాడతారు. జీ6పీడీ లోపం (ఎర్రకణాలను కాపాడే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉండడం) ఉన్న బిడ్డకు ఆ వాసనే చాలు, ఎర్రకణాలు పగిలి కామెర్లు ముదురుతాయి. ఉతికి రెండు మూడు రోజులు ఎండలో, గాలిలో ఆరేసి వాసన పూర్తిగా పోయాకే వాడండి.

మిగిలిపోయిన యాంటీబయాటిక్ కూడా పారేయాల్సిందే. నీళ్ళు కలిపిన పొడి సిరప్ సాధారణంగా వారం పది రోజులే నిలుస్తుంది.

తొమ్మిదో అడుగు: పెట్టె తెరవకుండా చేయాల్సినవి

గొంతులో అడ్డుపడితే, బిడ్డ ఏడుస్తూ గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వండి. గొంతు పెగలక, ముఖం నీలమవుతుంటే ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి, తల ఛాతీ కంటే కిందికి ఉండేలా దవడ పట్టుకుని, భుజాల మధ్య అరచేతి మడమతో అయిదు దెబ్బలు వేయండి. తర్వాత వెల్లకిలా తిప్పి, ఛాతీ ఎముక మీద చనుమొనల గీతకు కాస్త కింద అయిదుసార్లు నొక్కండి. అడ్డు బయటికి వచ్చేదాకా ఇదే మార్చి మార్చి చేయాలి. పొట్ట మీద నొక్కకూడదు. కనిపించనిదాని కోసం నోట్లో వేలు పెట్టి తిప్పితే అది ఇంకా లోపలికి పోతుంది. బిడ్డ సోలిపోతే 108కి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టి, వాళ్ళు చెప్పినట్టు సీపీఆర్ మొదలుపెట్టండి. ఈ ఒక్క విద్య కాగితం చదివి రాదు, డాక్టరునో నర్సునో అడిగి బొమ్మ మీద చేసి చూడండి.

ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి నేల మీద పడుకోబెట్టి టైము చూడండి. నోట్లో చెంచా, చేతిలో తాళాలు, ముక్కు దగ్గర ఉల్లిపాయ ఏవీ వద్దు. అయిదు నిమిషాలు దాటితే 108. తొందరగా ఆగినా మొదటిసారి అయితే ఆ వెంటనే డాక్టరు దగ్గరికి.

కిరోసిన్, ఫినాయిల్, టాయిలెట్ యాసిడ్, దోమల మందు రీఫిల్, గుండీ బ్యాటరీ మింగితే వాంతి చేయించకండి. ఉప్పునీళ్ళు, పాలు పట్టకండి. కిరోసిన్ పైకి వస్తూ ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది, యాసిడ్ వచ్చిన దారినంతా మళ్ళీ కాలుస్తుంది. బ్యాటరీ ఆహారనాళంలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే కాల్చడం మొదలవుతుంది. ఆ సీసానో, డబ్బానో వెంట తీసుకుని బయల్దేరండి. తేలు కుట్టినా, పాము కరిచినా కోయడం, కట్టడం వద్దు. బిడ్డను కదలకుండా ఎత్తుకుని వెళ్ళడమే.

పదో అడుగు: నెలకోసారి, ఊరికి వెళ్ళేటప్పుడు

బిడ్డ పుట్టిన తేదీ నాడు నెలనెలా పెట్టె తెరవండి. కార్డు మీద బరువు, డోసు దిద్దండి. థర్మామీటరు, టార్చి వెలుగుతున్నాయో చూడండి. సీసా తెరిచిన రోజే దాని మీద తేదీ రాసి ఉండాలి. లేబుల్ మీద గడువు చెప్పకపోతే మూడు నెలలకు సిరప్ మార్చడం మంచిది, ముక్కు చుక్కలైతే నెలకు. ఓఆర్ఎస్ పొట్లం గట్టిపడినా, రంగు మారినా పారేయండి. సిరంజి గీతలు చెరిగిపోతే కొత్తది తీయండి. వాడాక గోరువెచ్చని నీళ్ళతో కడిగి, విడదీసి ఆరబెట్టాలి.

అమ్మమ్మ ఊరికి వెళ్ళేటప్పుడు పెట్టె మొత్తం మోయక్కర్లేదు. థర్మామీటరు, పారాసిటమాల్ సీసా దాని పెట్టెతో సహా, ఒక సిరంజి, ఓఆర్ఎస్ రెండు పొట్లాలు, సెలైన్ చుక్కలు, గాజ్ గుడ్డ ముక్కలు మూడు, కార్డు ఫోటో. సీసా ఒంటరిగా తీసుకెళ్ళి అక్కడ ఇంకో గాఢత కొనకండి. బస్సులో పై అరలో, కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టకుండా చేతి సంచిలో ఉంచండి. అక్కడి దగ్గరి పీహెచ్‌సీ ఏది, రాత్రి డాక్టరు ఉండే ఆసుపత్రి ఎంత దూరం అన్నది బయల్దేరే ముందే అడిగి కార్డు వెనక రాసుకోండి.